ఆరువేళ్ళ పంగ

స్తెఫనును ఎవరైనా ‘కోతిని చంపినోడు’ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. జగ్గయ్యపేటలో నా సైకిలు షాపుకు వచ్చి ఆ మాట అన్నవాడి బండికి పంక్చరు కూడా వెయ్యను. నందిగామ దాకా తోసుకుంటూ పొమ్మంటాను. ‘మీ నోటికి జడిసి బేరాలు పోతున్నాయి, ఆయనేమన్నా మీకు అన్నా తమ్ముడా?’ అని మా ఆవిడ రాజ్యశ్రీ సాధిస్తూనే ఉంటుంది. అన్నా కాదు, తమ్ముడూ కాదు. నా దగ్గర పాత ట్యూబు రబ్బరు కొనుక్కునేవాడు, అంతే. కానీ ఆ రబ్బరుతో అతను ఏం చేసేవాడో నాకు తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. అందుకని చెబుతున్నాను.

వత్సవాయి రోడ్డు మీద ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున్నే పదిమంది వచ్చి నా షట్టరు ముందు కూర్చుంటారు, వాళ్ళకు టీలు పోయించే ఓపిక నాకు లేదు. ఆ ఊరి పొలిమేరలో రాధాకృష్ణమూర్తి గారి మామిడితోట. స్తెఫను ఆ తోటకు కాపలా. అతని తండ్రి కూడా మూర్తిగారి కుటుంబానికే కాపలా చేశాడు, జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన మనిషి. ఆ రోజుల్లో బెడద చిలకలది. ఇప్పుడు చిలకలెక్కడున్నాయి? అన్నీ కోతులే. గుట్టల మీద చెట్లు పోయి క్వారీలు వచ్చాయి, అవి మాత్రం ఎక్కడికి పోతాయి? మందలు మందలుగా ఊళ్ళ మీదికి దిగాయి. మామిడి, మిరప, పెసర, వంటింట్లో పప్పు డబ్బా, దేన్నీ వదలవు. కడుపుకు తిన్నా బాధ లేదు. ఒక్కో కాయా కొరికి పారేస్తాయి, దిక్కుమాలిన సంత.

అయినా కోతిని కొట్టకూడదు. ఇది అక్కడ ఎవరూ నోరు తెరిచి చెప్పని నియమం. కోతి అంటే ఆంజనేయస్వామి. తోట సగం పోయినా రైతు తల పట్టుకుని కూర్చుంటాడు గానీ దాని ఒంటి మీద దెబ్బ పడనివ్వడు. కరెంటు తీగ తగిలి ఒకటి చచ్చిపోతే డప్పులు పెట్టి, పసుపు కుంకుమలు చల్లి, ఊరేగించి పూడుస్తారు. కాబట్టి కాపలావాడికి కావలసింది తగిలే గురి కాదు, తగలని గురి. రాయి దగ్గరగా పోవాలి, తగలకూడదు. మరీ దూరంగా పోయిందా, కోతి మనల్ని చూసి పళ్ళికిలిస్తుంది. నేను కళ్ళారా చూశాను.

స్తెఫను క్రైస్తవుడు. ఆదివారం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని చర్చికి పోయేవాడు. ‘మా పేటలో అది కోతేనండి,’ అనేవాడు నాతో. ‘ఊళ్ళో దేవుడు. ఊళ్ళో పని చేసుకుని బతుకుతున్నా కదండీ, నాక్కూడా దేవుడే.’ ఇంతకంటే మర్యాదగా బతకడం ఎట్లాగో నాకు తెలియదు, ఎవరికన్నా తెలిస్తే వచ్చి చెప్పండి.

చిన్నప్పుడు మనమందరం ఉండేలు పట్టినవాళ్ళమే. పంగను నిటారుగా పట్టుకుని, రెండు కొమ్మల నడుమ నుంచి ఒంటికన్నుతో చూసి వదిలేవాళ్ళం. రాయి దాని ఇష్టమొచ్చిన చోటికి పోయేది, ఒక్కోసారి పక్కింటి పెంకుల మీదికి. స్తెఫను అట్లా కాదు. పంగను పక్కకు వాల్చి పట్టేవాడు. అప్పుడు ఒక కొస పైకీ, ఒక కొస కిందికీ వస్తాయి. రబ్బరు చెంప దాకా లాగి, పై కొసను కోతి మొహం మీద పెట్టేవాడు. సరిగ్గా మొహం మీద. చూసేవాడికి చంపేస్తున్నాడ్రోయ్ అనిపించేది. కానీ రాయి పోయేది కొస మీద నుంచి కాదు, రెండు కొసల నడుమ నుంచి. అతని పంగ వెడల్పు ఆరు వేళ్ళు. అంటే పై కొసకూ రాయి దారికీ మూడు వేళ్ళ ఎడం. పైగా రాయి పోయేకొద్దీ దిగుతుంది. అన్నీ కలిసి చెట్టు దగ్గరికి చేరేసరికి మూరెడు కిందగా, కోతి కూర్చున్న కొమ్మకు ఠప్పున తగిలేది. కాళ్ళ కింద కొమ్మ అదిరేసరికి కోతి ఎగిరి పారిపోయేది.

‘ఆ కొమ్మకే గురి పెట్టొచ్చుగా, మొహానికెందుకయ్యా?’ అని ఒకసారి అడిగాను.

‘కోతి మన కళ్ళు చూస్తదండి. కొమ్మను చూస్తా లాగితే కదలదు. దాని మొహంలోకి చూస్తా లాగితేనే బెదురుద్ది. అయినా ఆకుల్లో కొమ్మ ఎక్కడ కనపడుద్ది? కనపడేది మొహమే.’

అందుకే పంగ వెడల్పు అతనికి ప్రాణం. జామతోటల్లో తిరిగి, ప్రతి పంగలోనూ వేళ్ళు దూర్చి చూసి, ఆరు వేళ్ళు పట్టేది దొరికితే గానీ కోసేవాడు కాదు. నాలుగు వేళ్ళ పంగలు పిట్టలు కొట్టేవాళ్ళవి. వాటిలో రెండు కొసలూ రాయి దారికి దగ్గరగా ఉంటాయి, కాబట్టి కొస ఎక్కడ పెడితే రాయి దాదాపు అక్కడికే పోతుంది. లాగడంలో ఏ కాస్త వంకరొచ్చినా కొసకు తగిలి తిరిగొచ్చి బొటనవేలు పగలగొడుతుంది కూడా. వెడల్పు పంగకు ఆ భయం లేదు, పెద్ద వాకిలి లాంటిది, చెయ్యి కొంచెం అటూ ఇటూ అయినా రాయి దాటుకుని పోతుంది. కాకపోతే గురి పెట్టిన చోటికి పోదు, కిందికి పోతుంది. ఎంత కిందికో మనిషికి తెలిసి ఉండాలి. ‘పంగ కాడ వేలెడు తేడా ఉంటే చెట్టు కాడ మూరెడు తేడానండి,’ అనేవాడు. వినీ వినీ నాకు విసుగొచ్చి, ‘నీ పంగ పురాణం ఆపవయ్యా సామీ, బేరాలొస్తున్నాయి,’ అని కసిరేవాణ్ణి. నవ్వి బెంచీ మీద జరిగి కూర్చునేవాడు, లేచేవాడు మాత్రం కాదు.

అతని భార్య జీవరత్నం మా షాపుకు ఎప్పుడొచ్చినా ఒకటే మాట చెప్పేది. ‘మా ఆయన చేతి కింద చీమ కూడా చావలేదండి.’ ఆవిడ మాటకారి. ఉన్న ఒక్క కూతురు క్రిస్టీని కంచికచర్లలో ఇచ్చారు. ఇక మొగుడూ పెళ్ళాలిద్దరే తోటలో రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. స్తెఫను తక్కువ మాట్లాడితే మిగతాది ఈవిడ పూర్తి చేసేది, ఎక్కువ మాట్లాడితే నోరు మూయించేది. అట్లా బాగానే ఉండేవాళ్ళు.

పోయిన వేసవిలో జామపంగ మొదలు దగ్గర చీలింది. సరిగ్గా కాయ ముదిరే రోజులు. స్తెఫను చెట్టు చెట్టూ తిరిగాడు గానీ ఆరు వేళ్ళది దొరకలేదు. ఈలోగా మూర్తిగారి అబ్బాయి హరిచరణ్ ఫోనులో ఆర్డరు పెట్టి స్టీలు ఉండేలు తెప్పించి ఇచ్చాడు. నిగనిగలాడుతోంది, పిడికి వేళ్ళు పట్టే గాడులు కూడా ఉన్నాయి. మంచి మనసుతోనే తెప్పించాడు, ఆ అబ్బాయిని నేనేమీ అనను. దానికొచ్చిన పసుపుపచ్చ రబ్బరు తీసేసి నా ట్యూబు రబ్బరు కట్టుకోవాలని స్తెఫను షాపుకు వచ్చాడు. పంగలో వేళ్ళు దూర్చి నాకు చూపించాడు. నాలుగు.

‘ఇది కొట్టేదండి,’ అన్నాడు దిగులుగా. ‘బెదిరించేది కాదు.’

‘అయితే వాడకు.’

‘చిన్నబాబు ముచ్చటపడి తెచ్చాడు, వద్దంటే బాగోదు. కొసను మొహం మీద కాకుండా కిందకు పెట్టుకుంటా. కళ్ళేమో మొహం మీద ఉండాల, కొసేమో కాళ్ళ కింద ఉండాల. అలవాటు చేసుకుంటా.’

తోటలో తాటిమొద్దుకు సున్నం చుక్క పెట్టుకుని రోజూ పొద్దున కొట్టి చూసుకున్నాడట. అలవాటు చేసుకున్నాడు కూడా. కొన్నాళ్ళు ఏ గొడవా లేకుండా గడిచింది.

ఒక శనివారం మూర్తిగారి భార్య జ్ఞానప్రసూనాంబ గారు వేదాద్రి వెళ్ళి నరసింహస్వామి దర్శనం చేసుకుని, ఆవకాయకు కాయలు కోయించుకుందామని వస్తూ వస్తూ తోట దగ్గర కారు ఆపించారు. చేతిలో ప్రసాదం బుట్ట, కొబ్బరిచిప్పలు, అరటిపళ్ళు. కోతులున్న తోటలోకి అరటిపళ్ళతో వెళ్ళకూడదని ఆవిడకు తెలియదా? తెలుసు. స్వామి ప్రసాదం కారులో వదిలితే మైలపడుతుందేమోనని పట్టుకెళ్ళారు.

ఆ మందలో ఒక ముసలి ఆడకోతి ఉండేది. చెవి చిరిగి, మూతి నెరిసి. స్తెఫను దాన్ని ‘పెద్దావిడ’ అనేవాడు. ‘రెండు రోజుల నుంచీ పెద్దావిడ రావట్లేదండి, ఒంట్లో బాగుందో లేదో’ అని నా షాపులో కూర్చుని బెంగపడేవాడు, తోట కాయలు తినేది అదేనని మర్చిపోయి. ఆ పెద్దావిడ అమ్మగారికి ఎదురుగా మనిషెత్తుకు పైనున్న కొమ్మ మీదికి దిగింది. బుట్టకేసి చూస్తూ దూకడానికి ఒంగింది. అమ్మగారు బుట్టను గుండెకు హత్తుకుని, ‘స్తెఫనూ, కొట్టరా! కొట్టు!’ అని కేక పెట్టారు.

స్తెఫను చటుక్కున ఉండేలు ఎత్తాడు. కాసేపు ఆలోచించుకునే వ్యవధి ఉంటే కొస కిందికి దిగేదే. ఆ కేకకు చెయ్యి కంగారుపడి, ఇన్నేళ్ళుగా ఏం చేస్తోందో అదే చేసింది. పై కొస పోయి మొహం మీద ఆగింది. వదిలాడు.

‘ఠప్పుమనలేదండి,’ అని తర్వాత నాతో చెప్పాడు. ‘మెత్తగా వినపడింది. చూడకముందే తెలిసిపోయింది.’

రాయి కణతకు తగిలింది. కోతి కొమ్మ మీది నుంచి జారి అమ్మగారి కాళ్ళ దగ్గర పడింది. స్తెఫను ఉండేలు పారేసి పరిగెత్తుకొచ్చి, దాని తల ఒళ్ళో పెట్టుకుని, సీసాలో నీళ్ళు నోట్లో పోశాడు. ఆ నీళ్ళు పక్కకు కారిపోయాయి. మందంతా చెట్లెక్కి ఒకటే అరుపు. అమ్మగారు కారెక్కి వెళ్ళిపోయారు.

గంటలో ఊరు ఊరంతా తోటలో ఉంది. డప్పులు వచ్చాయి, కొత్త గుడ్డ వచ్చింది, పువ్వులు వచ్చాయి. ఆడవాళ్ళు కొందరు నిజంగానే ఏడ్చారు, అది అబద్ధమని నేననను. స్తెఫను దూరంగా షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, జనం దగ్గరికి రానివ్వలేదు. ఊరేగింపులో నవీన్‌బాబు అనే కుర్రవాడు ఫోనులో వీడియో తీస్తూ, ‘వాళ్ళ మతం వేరు కదా, కావాలనే కొట్టాడు’ అన్నాడు. ఒక్కడన్నాడు. పొద్దు వాలేసరికి అది అందరి మాట అయిపోయింది. ఆ మాట పుట్టిన నోట్లో ఇంత మట్టి కొడదామనిపించింది నాకు, విన్నప్పుడల్లా ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు పాలకేంద్రం ముందు పంచాయితీ. స్తెఫను నాకు ఫోను చేశాడు. ‘కిషోర్‌బాబు గారూ, మీరొచ్చి పంగ సంగతి చెప్పండి. నేను చెబితే వినరు.’ షాపు మూసి వెళ్ళాను. నన్ను చూసి కాస్త తెరిపినపడ్డాడు. ‘తోటలోంచి తీసేస్తే తీసెయ్యమనండి, నేనేం అడ్డం చెప్పను. కావాలని చెయ్యలేదు, ఆ ఒక్కటీ నమ్మితే చాలు. ఇంకేం అడగను,’ అన్నాడు నా చెయ్యి పట్టుకుని. జీవరత్నం ఆడవాళ్ళ పక్కన వేరుగా నిలబడి ఉంది. ఎవరు కనపడితే వాళ్ళకు చెబుతూనే ఉంది, మా ఆయన చేతి కింద చీమ కూడా చావలేదని. ఎవరూ అటు తిరగలేదు.

పెద్దమనిషి బసవయ్య, ఆంజనేయస్వామి గుడి కమిటీకి పెద్ద. చెడ్డవాడు కాదు. నిదానంగా అడుగుతాడు, నిదానంగా అడిగేవాళ్ళతోనే ప్రమాదం.

‘గురి ఎక్కడ పెట్టావు స్తెఫనూ?’

‘మొహం మీదండి.’

జనం గొల్లుమన్నారు. బసవయ్య చెయ్యెత్తాడు. ‘మొహం మీద పెడితే తగులుద్దని తెలవదా?’

‘పాతదాంతో తగలదండి. ఎప్పుడూ మొహం మీదే పెట్టేవాణ్ణి. అట్టా పెడితేనే తగలకుండా ఉంటది.’

ఎవరో పగలబడి నవ్వారు. ‘మొహానికి గురి పెడితే తగలదంట్రోయ్!’

‘సరే, కొత్తది ఎక్కువ పైకి కొడుద్దని నీకు ముందే తెలుసా?’

‘తెలుసండి.’

‘తెలిసే పెట్టావా?’

అతనికి అబద్ధం చెప్పడం రాదు, అదే వచ్చిన చిక్కు. కొంత అబద్ధం కలిపి ఉంటే బతికిపోయేవాడు. ‘చెయ్యి జారిందండి’ అంటే అయిపోయేది. ‘గాలికి పక్కకు పోయిందండి’ అన్నా ఒప్పుకునేవాళ్ళు. ఇతనేమో, ‘తెలుసండి, కానీ ఆ క్షణాన చేతికి గుర్తు లేదండి’ అన్నాడు. చేతికి గుర్తుండడమేంటని మళ్ళీ నవ్వారు.

నేను లేచి పంగ వెడల్పు గురించి చెప్పబోయాను. ‘జగ్గయ్యపేట నుంచి వచ్చినోళ్ళు కూర్చోండి, మీ ట్యూబులు మేం రేపు కొనుక్కుంటాం’ అన్నారు వెనక నుంచి. నా నోరు మంచిది కాదని చెప్పాను కదా, నాలుగు తిట్టాను. అది స్తెఫనుకు ఏం పనికొచ్చింది? ఏమీ లేదు.

‘కొట్టి చూపిస్తానండి,’ అన్నాడు స్తెఫను.

బసవయ్య తలూపాడు. పాలకేంద్రం పక్కన వేపచెట్టుకు ఒక మట్టి ప్రమిదను దారం కట్టి వేలాడదీశారు, వెనక ప్రహరీ గోడ. స్తెఫను షెడ్డుకు పోయి, చీలిన జామపంగకు రాగితీగ చుట్టి తెచ్చాడు. పంగను పక్కకు వాల్చాడు. ‘బసవయ్యగారూ, నా ఎనకమాల నిలబడి చూడండి, పై కొస ఎక్కడుందో.’ బసవయ్య అతని భుజం మీదుగా ఒంగి చూసి, ‘ప్రమిద మీదుంది’ అన్నాడు. స్తెఫను రబ్బరు వదిలాడు. రాయి ప్రమిదకు మూరెడు కిందగా గోడకు తగిలి సున్నం రాలింది. మళ్ళీ కొట్టాడు. అదే చోట, అదే మచ్చ మీద తగిలింది.

తర్వాత స్టీలుది తీశాడు. పై కొసను మళ్ళీ ప్రమిద మీదే పెట్టాడు. బసవయ్య మళ్ళీ ఒంగి చూసి ఔనన్నాడు. వదిలాడు. ప్రమిద ముక్కలై కింద పడింది, దారం మాత్రం ఊగుతోంది.

నాకు ఈల వేయాలనిపించింది. అయిపోయింది, గెలిచాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి, ‘వామ్మో, ఏం గురిరా బాబూ’ అంటున్నారు. స్తెఫను మొహంలో కూడా కాస్త రంగు వచ్చింది. జీవరత్నం రెండు చేతులూ జోడించి పైకి చూసింది.

బసవయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మీసం దువ్వుకున్నాడు.

‘చూశాంగా. గోడ మీద ఒకే మచ్చకు రెండు రాళ్ళు కొట్టినోడివి. ప్రమిదను ఒక్క దెబ్బకు పగలగొట్టినోడివి. ఇంత గురి ఉన్నోడు పొరపాటున కొట్టానంటే ఎవరు నమ్ముతారయ్యా? చేతకానోడు కొడితే పొరపాటు. నువ్వు కొడితే పొరపాటెట్టా అవుద్ది?’

జనం అంతా ఔనౌనన్నారు. ఇందాక నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వలేదు. కోపంగా చూశారు. స్తెఫను నా వంక చూశాడు, నేను ఏదో ఒకటి చెబుతానని. ఆ లెక్కకు జవాబు ఏముంది? ఉంటే ఇప్పుడన్నా ఎవరైనా చెప్పండి.

అప్పటిదాకా నోరు మెదపని రాధాకృష్ణమూర్తి గారు లేచి, స్తెఫనును పాలక్యాన్ల వెనక్కి తీసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను, ఆయన వద్దనలేదు.

‘ఒరేయ్, నా మాట విను. కావాలని కొట్టలేదని నువ్వు ఎంతసేపు వాదించినా వీళ్ళు వినరు. వాదించేకొద్దీ మీ పేట మీదికి పోతుంది. కోపంలో కొట్టాను, తప్పయింది, క్షమించండి అను. తప్పు ఒప్పుకున్నవాణ్ణి బసవయ్య ఏమీ చెయ్యడు. తోటలో నీ పని ఎక్కడికీ పోదు, నేనున్నాను.’

‘నాకు కోపం రాలేదండి అయ్యగారూ. పెద్దావిడ మీద నాకెందుకు కోపం?’

‘రాలేదని నాకు తెలుసురా.’

‘అమ్మగారు కొట్టమన్నారని మీరన్నా చెప్పొచ్చు కదండీ,’ అన్నాను నేను, పళ్ళు కొరుక్కుంటూ.

మూర్తిగారు నా వైపు చూడలేదు. ‘ఆవిడను ఇందులోకి లాగొద్దు,’ అన్నారు. దుర్మార్గుడు కాదు, భయస్థుడు. భయస్థుల వల్ల జరిగినంత చేటు దుర్మార్గుల వల్ల జరగదని ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చింది.

స్తెఫను మెల్లగా జనం మధ్యలోకి నడిచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ‘కోపంలో కొట్టా. కావాలనే కొట్టా. తప్పయిందండి, క్షమించండి,’ అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు గబగబా అనేశాడు. సాష్టాంగపడ్డాడు. బసవయ్య స్వయంగా లేవదీసి, భుజం తట్టి, ‘ఈ మాట ముందే అంటే ఇంతదాకా వచ్చేదా?’ అన్నాడు. కోతిని పూడ్చిన చోట దిమ్మె కట్టేటప్పుడు ఇటుకలు మోయాలని తీర్మానం చేశారు. అంతే శిక్ష. జనం తేలికపడి ఇళ్ళకు పోయారు, కొందరు అతనికి బీడీ కూడా ఇచ్చారు. అందరూ ఎంత మంచివాళ్ళయిపోయారో చెప్పలేను.

జీవరత్నం మాత్రం నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు.

తర్వాత ఒకరోజు ఆవిడే నా షాపుకు వచ్చింది. ఎప్పటిలా గలగల లేదు. బెంచీ మీద కూర్చోమన్నా కూర్చోలేదు. ‘బాబుగారూ, మీతో ఏమన్నా చెప్పాడా? కోపమొచ్చిందని?’

‘నీకేమన్నా పిచ్చా జీవరత్నం? ఊరి నోరు మూయించడానికి అన్నాడు. మూర్తిగారు అనమన్నారు. నేను పక్కనే ఉన్నా.’

‘నేనూ అడిగానండి. అట్టాగే చెప్పాడు. అయ్యగారు అనమన్నారు, అన్నానని. అయితే అబద్ధమాడావా అన్నా. ఊరుకున్నాడు.’ కొంగుతో మొహం తుడుచుకుంది. ‘మా చర్చిలో సాక్ష్యం చెప్పడమని ఉంటదండి. నలుగురిలో నిలబడి నేను ఫలానా పాపం చేశానని నోటితో ఒప్పుకోవాల. అది దేవుడి ముందు ఒప్పుకున్నట్టే. అందులో అబద్ధమాడినోళ్ళని నా ఎరకలో చూళ్ళేదు. ఈయన నలుగురిలో నిలబడి కావాలనే చేశానన్నాడు. నిజమైతే ఆ చేత్తో పెట్టింది నేను తింటున్నా. అబద్ధమైతే దేవుడి ముందు అబద్ధమాడినోడితో ఉంటున్నా. ఏదనుకోమంటారు నన్ను?’

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ మీద కాదు, ఎవరి మీదో తెలియదు. షాపుకు తాళం పెట్టి, ఆవిడను బండి మీద ఎక్కించుకుని తోటకు వెళ్ళాను. స్తెఫను షెడ్డు ముందు పాత డబ్బా పెట్టుకుని కర్రతో కొడుతున్నాడు. ఇప్పుడు కోతుల్ని అట్లాగే తోలుతున్నాడట, ఉండేలు ముట్టుకోవడం లేదట. చెట్ల మీద కోతులు ఆ చప్పుడుకు అలవాటుపడి కాయలు కొరుకుతున్నాయి. షెడ్డు గుమ్మంలో ఒక బట్టల సంచి సర్ది ఉంది. ఆవిడది.

రెండు పంగలూ తెప్పించాను. మా షాపులోంచి తెచ్చిన దారం జేబులోంచి తీశాను. గుంజకు పంగను వాల్చి కట్టి, కన్ను ఉండేచోట ఒక మేకు, చెంప ఉండేచోట ఒక మేకు కొట్టి, కంటి దగ్గర నుంచి పై కొస మీదుగా ఒక దారం, చెంప దగ్గర నుంచి పంగ నడిమి గుండా ఒక దారం లాగి ఎదుటి చెట్టుకు కట్టాను. ‘చూడమ్మా. ఇది చూపు పోయే దారి. ఇది రాయి పోయే దారి. ఆరు వేళ్ళ పంగలో చూడు, చెట్టు దాకా చూపు పైనే ఉంది, రాయి కిందే ఉంది. పైగా రాయి బరువుకు ఇంకా దిగుద్ది. ఇప్పుడు నాలుగు వేళ్ళది. చూడు, చూపు దారి రాయి దారి మీదికి వచ్చేసింది. మనిషి చేసిందొకటే. మారింది పంగ. ఇందులో కోపమెక్కడుంది? చూపించు నాకు, ఎక్కడుంది?’

ఆవిడ దారాలకేసి చూసింది. శ్రద్ధగానే చూసింది. అర్థమైందని మొహం చూస్తే తెలుస్తోంది. దారాన్ని వేలితో తాకి కూడా చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

‘ఏమయ్యా, బాబుగారు చెప్పేది నిజమేనా? ఊరు వద్దు, అయ్యగారు వద్దు. నాకు చెప్పు. నువ్వు కావాలని కొట్టలేదు కదా? ఒక్క మాట చెప్పు, నేను సంచి లోపల పెట్టేస్తా.’

ఒక్క మాట. ‘లేదు’ అంటే చాలు. అనవయ్యా, అను, అని లోపల అరుస్తున్నాను.

స్తెఫను డబ్బా మీద కర్ర ఆపాడు. దారాల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. కళ్ళు గుంటలు పడ్డాయి, ఎన్నాళ్ళయిందో నిద్రపోయి.

‘కొస ఎక్కడ పెట్టానో తెలుసే రత్నం. ఎందుకు పెట్టానో కూడా అప్పుడు తెలుసు. అందరూ అన్నిసార్లు అడిగారు, కోపమొచ్చిందా, తెలిసే చేశావా అని. తర్వాత నా నోటితో నేనే అన్నా. అది మొదలు ఎప్పుడు కళ్ళు మూసుకున్నా కొస మొహం మీదే ఉంటది. అప్పుడు నా మనసులో ఏముందని చూసుకుంటే ఏమీ కనపడట్లేదు. లేదని ఎట్టా చెప్పను? నాకే తెలవట్లేదే.’

అబద్ధం చెప్పడం రానివాడని ముందే చెప్పాను.

జీవరత్నం సంచి అందుకుని, నన్ను వత్సవాయి అడ్డరోడ్డు దాకా దింపమంది. దింపాను. కూతురుండే కంచికచర్ల వైపు పోయే బస్సు రావడానికి చాలాసేపు పట్టింది.